ఎండబెట్టిన ఇటలీ

శుక్రవారం పొద్దున గంగులమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు అట్టపెట్టెలు విప్పి సరుకులు సర్దాలి. మధ్యాహ్నానికి అది అయిపోతుంది, తర్వాత తన సూట్‌కేసు సర్దుకోవచ్చు. అనుకోవడానికేం, మనిషి ఎంతైనా అనుకోవచ్చు.

ఒమన్‌లో ఇబ్రా ఊరి చివర, ఖర్జూరపు తోటను ఆనుకుని ఉన్న ఆ ఇంట్లో ఆమె నాలుగేళ్ళుగా వంటమనిషి. సొంతూరు కడప జిల్లా వేంపల్లె దగ్గర. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. ఆమె సంపాదనతో భర్త జయరాముడు ఊళ్ళో ఇల్లు కట్టించాడు. ఆ ఇంటి పునాది ఆమె ఫోన్‌లో చూసింది, స్లాబు ఫోన్‌లో చూసింది, గోడల రంగులూ ఫోన్‌లోనే చూసింది. వంటింట్లో ఎన్ని అరలుండాలో, ఏ అర ఎంత లోతుండాలో మాత్రం రోజూ ఫోన్ చేసి, మేస్త్రీ ప్రాణం తోడి కట్టించుకుంది. వచ్చే గురువారం గృహప్రవేశం. అది దాటితే ఆషాఢం. మళ్ళీ శ్రావణం దాకా ముహూర్తాల్లేవు.

"నువ్వు రాలేకపోయినా ఏం కాదులే మే. పాలు పొంగించేదానికి అమ్మణ్ణి వదిన ఉండాది," అన్నాడు జయరాముడు, ధైర్యం చెబుతున్నాననుకుని.

ఆ మాట విన్నప్పటి నుంచి గంగులమ్మకు అన్నం సహించడం లేదు. అమ్మణ్ణి ఆమె తోడికోడలు. చెడ్డమనిషేం కాదు. కానీ కందిపప్పు ప్యాకెట్టు కోసి, ఎండ చూపించకుండా అలాగే డబ్బాలో పోసే రకం. నెల తిరక్కుండా పప్పులో పురుగులు తిరుగుతుంటే, వాటిని పక్కకు తోసి వండే రకం. అలాంటి చెయ్యి తన కొత్త పొయ్యి మీద, తన కొత్త అరల ఎదుట పాలు పొంగించడం తను బతికుండగా జరగకూడదని గంగులమ్మ గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది.

సెలవు ఇవ్వాల్సింది స్వామి కాదు, యజమానురాలు రాబియా. గల్ఫు ఇళ్ళల్లో యజమానిని 'బాబా', యజమానురాలిని 'మామా' అనాలి. మేనమామను పిలిచే పిలుపుతో ఒక ఆడమనిషిని పిలవడానికి గంగులమ్మ నోరు తిరగడానికి ఆరునెలలు పట్టింది. ఇద్దరి మధ్యా భాష సగం అరబ్బీ, సగం హిందీ, చాలని చోట చేతులు.

"శనివారం విందు బాగా జరగనీ గంగులా. ఆదివారం నీ టికెట్టూ, ఇజాజా కాగితమూ నీ చేతిలో పెడతాను," అంది రాబియా. ఇజాజా అంటే సెలవు. ఆ ముక్క కోసం గంగులమ్మ నాలుగేళ్ళుగా ఎదురు చూస్తోంది.

విందు ఎవరికంటే, రొసాల్బా అనే ఇటలీ ఆవిడకు. రాబియా భర్త సాలెం తోటలో పండే ఖర్జూరం మొత్తం ఆమె పనిచేసే మిఠాయిల కంపెనీ కొంటుందని ఆశ. ఇటలీ నుంచి వచ్చే మనిషికి అచ్చమైన, పాతకాలపు ఇటలీ వంటే పెట్టాలని రాబియా పట్టుబట్టింది. తిరపతి నుంచి వచ్చేవాళ్ళకు లడ్డూలు చేసి పెట్టినట్టుందని గంగులమ్మకు అనిపించింది కానీ, సెలవు అవసరమున్న మనిషి ఆ మాట అనదు. రాబియా మూడు నెలలు ఫోన్‌లో వంటలు చూసి, ఇటలీ వంటింట్లో ఉండాల్సిన సరుకులన్నీ జాబితా రాసింది. డ్రైవర్ ఖాదర్ వాటిని మస్కట్ నుంచి గురువారం సాయంత్రం కారు నిండా తెచ్చాడు.

శుక్రవారం పొద్దునే రాబియా, సాలెం ఇంకో కారులో సమాయిల్‌లో బంధువుల పెళ్ళికి బయల్దేరారు. గుమ్మం దగ్గర రాబియా వెనక్కి తిరిగి ఒక మాట చెప్పింది.

"ఇది నీ ఇల్లే అనుకో. నీ సొంత సరుకులు నువ్వెలా సర్దుకుంటావో అలాగే సర్దు."

ఈ లోకంలో జరిగిన అనర్థాల్లో సగం ఇలాంటి మంచిమాటల వల్లే జరిగాయి.

గంగులమ్మ సొంత సరుకులు సర్దుకునే పద్ధతి ఒకటే. పుట్టింట్లోనూ అదే, మెట్టినింట్లోనూ అదే. కొట్టు నుంచి వచ్చిన గింజ ఏదైనా ముందు మిద్దెమీద ఎర్రటి ఎండలో ఎండాలి, పప్పుగింజలైతే ఆముదం పట్టించుకుని మరీ. తర్వాత చేటలో చెరగాలి, జల్లెడ పట్టాలి, ఆ తర్వాతే డబ్బాలోకి దిగాలి. పెట్టెలు విప్పగానే ఆమె పద్ధతే రైటని తేలిపోయింది. బియ్యానికి తెల్లటి పిండి అంటుకుని ఉంది. పురుగు పట్టబోయే ముందు బియ్యం అలాగే ఉంటుంది. ఎండు పుట్టగొడుగులు మాగిన గోనెసంచి వాసన కొడుతున్నాయి. గవ్వల్లాగా, గొట్టాల్లాగా, చెవుల్లాగా, దారాల్లాగా ఉన్న పాస్తా ఐదు రకాలు. అందులో దారాల రకం మూరెడు పొడుగుంది. ఏ డబ్బాలోనూ పట్టదు. గంగులమ్మ దాన్ని సేమియాలాగా మూడేసి ముక్కలుగా విరిచింది. పటపటమనే ఆ చప్పుడు ఇటలీ దాకా వినపడలేదు కాబట్టి ఎవరూ అడ్డు రాలేదు.

పదకొండో పెట్టె అడుగున టమాటా డబ్బాలు ఇరవై నాలుగు. అన్నీ సొట్టలే. సగం కారుతున్నాయి.

"ఖాదరూ! ఇదేంది అబ్బీ, ఏనుగు తొక్కినట్టుండాయి?"

ఖాదర్‌ది రాయచోటి. వచ్చి చూసి తల గోక్కున్నాడు. "డిక్కీలో జాగా లేదక్కా. స్టెప్నీ టైరు తీసి వీటి మీద పెట్టినా. దారిలో స్పీడుబ్రేకరు కనపళ్ళా."

"స్టెప్నీ యాడ?"

"దానికీ టమాటా రసం అయినాది. బాబా చూస్తే నా కత అయిపోతాదని ఖర్జూరం గోదాములో దాచిపెట్టినా. అక్కా, నీ బిడ్డ అనుకో. మామాకు చెప్పొద్దు."

అంతకంటే తక్కువ అడిగినా గంగులమ్మ కరిగిపోతుంది. పైగా టమాటా అంటే ఆమెకు భయం లేదు. ఊళ్ళో గంపలకు గంపలు టమాటా వచ్చినప్పుడు ఏం చేస్తారో అదే చేయొచ్చు. డబ్బాలన్నీ కోసి, పండ్లు పిసికి, ఉప్పు చల్లి, పళ్ళేల్లో పోసి ఎండబెడితే చిక్కటి ముద్ద అవుతుంది. ఏడాదైనా చెడదు. ఒమన్ జ్యేష్ఠమాసపు ఎండకు ఒక్క పూట చాలు.

పది గంటలకల్లా ఇటలీ దేశం మొత్తం రాబియా ఇంటి మిద్దెమీద పరుచుకుంది. ఖర్జూరపాకు చాపల మీద పాస్తా రకానికొక కుప్ప, బియ్యం ఒక పక్క, ఆముదం రాసిన తెల్లచిక్కుడు గింజలు ఒక పక్క, పుట్టగొడుగులు, తొమ్మిది పళ్ళేల టమాటా. బండరాయంత చీజు గడ్డ కూడా చెమ్మగా ఉందని ఒక పళ్ళెంలో పెట్టింది. పదకొండింటికి రాబియా ఫోన్ చేసింది. గంగులమ్మ అంతా వివరంగా చెప్పింది. పెళ్ళి డప్పుల మోతలో రాబియాకు ఒక్క ముక్కా వినపడలేదు. "జేన్, జేన్," అంది. బాగుంది బాగుంది అని. అధికారికంగా అనుమతి కూడా వచ్చేసింది.

మధ్యాహ్నం రెండింటికి గాలిదుమారం లేచింది.

గంగులమ్మ మెట్లెక్కేసరికి, దుమ్ము పడకుండా పైన కప్పిన పలచటి దుప్పట్లు నాలుగిళ్ళ అవతల ఎగురుతున్నాయి. పుట్టగొడుగులు ఒక్కటి లేదు, అన్నీ పక్కింటి మేకల దొడ్లో రాలాయి. మేకలు తల ఎత్తకుండా పని కానిచ్చాయి. పాస్తా కుప్పలు ఐదూ, బియ్యమూ, చిక్కుడు గింజలూ కలిసిపోయి పిట్టగోడ మూలకు ఒకే కుప్పగా చేరాయి. చీజు గడ్డ ఎండకు నూనె కక్కి, కూలబడి, పళ్ళేనికి అంటుకుపోయింది. పైతోలు మాత్రం చెప్పు అట్టలాగా గట్టిగా మిగిలింది. టమాటా పళ్ళేలు మాత్రమే బరువుకు కదల్లేదు. చుట్టూ చాపలు అడ్డం పడి వాటిని కాపాడాయి.

ఆమె ఆ కుప్ప ముందు కూలబడి కాసేపు ఏడ్చింది. నాలుగేళ్ళ చాకిరీ, కొత్త ఇల్లు, పాలగిన్నె అన్నీ ఆ మూలన దుమ్ములో కలిసిపోయి కనపడ్డాయి. ఆ తర్వాత లేచి చేట తీసుకుంది. ఏడిస్తే దుమ్ము పోదు, చెరిగితే పోతుంది.

సాయంత్రం దాకా చెరిగింది, జల్లెడ పట్టింది. బియ్యం కిందికి దిగింది, చిక్కుడు గింజలను ఏరి తీసింది. ఐదు రకాల పాస్తాను మాత్రం వేరు చేయడం మనిషి తరం కాలేదు. అలాగే అన్ని డబ్బాల్లో సమానంగా పోసి, మూతలు తుడిచి, అరల్లో వరసగా పేర్చింది. రాత్రి అలిసిపోయి వచ్చిన రాబియా అరలను చూసి ముచ్చటపడి, ఆమె బుగ్గ నిమిరి పడుకోవడానికి వెళ్ళింది. గంగులమ్మ నిజం చెబుదామని నోరు తెరిచి, సూట్‌కేసు గుర్తొచ్చి మూసుకుంది.

శనివారం మధ్యాహ్నం రాబియా నడుముకు కొత్త గుడ్డ కట్టుకుని, ఫోన్‌ను నిలబెట్టి, మొదటి డబ్బా తీసింది. గవ్వలూ గొట్టాలూ కలిసి ఉన్నాయి. రెండో డబ్బా తీసింది. గొట్టాలూ గవ్వలూ. మూడు, నాలుగు, ఐదు. పొడుగు పాస్తా ముక్కలై కనపడేసరికి ఆమె డబ్బా దించేసి కేక పెట్టింది.

"గంగులా! ఇదేంటి?"

గంగులమ్మ చెప్పింది. అరబ్బీలో చెప్పింది, హిందీలో చెప్పింది, గాలి ఎలా వచ్చిందో చేతులతో చెప్పింది. మేకల దగ్గరికొచ్చేసరికి రాబియా వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయింది.

"యా అల్లా! ఆరింటికి ఆవిడొస్తోంది. తోట అమ్మకం పోయింది. నా పరువు పోయింది. నీ టికెట్టు కూడా పోయిందనుకో!"

ఖాదర్‌ను మస్కట్ తరిమారు. అవే సరుకులు మళ్ళీ కొని ఐదింటికల్లా తెమ్మన్నారు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. నాలుగున్నరకు అతని ఫోన్ వచ్చింది.

"అక్కా, ఇంకా మస్కట్ చేరలేదు. దారిలోనే టైరు పంచరు. చెప్పేదానికి భయమేసి మూణ్ణర్ర గంటల్నించీ ఎండలో నిలబడి కార్లు ఆపుతాండా."

"స్టెప్నీ మార్చుకో అబ్బీ!"

"స్టెప్నీ గోదాములో ఉండాది కదక్కా," అన్నాడు ఖాదర్.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఈసారి గంగులమ్మ కూడా రాబియా పక్కనే గచ్చు మీద కూర్చుంది. ఒకరు శనివారం కోసం, ఒకరు గురువారం కోసం కాసేపు కలిసి ఏడ్చారు. ముందు తేరుకున్నది గంగులమ్మే. పొయ్యి మీద ఏమీ లేకుండా సాయంత్రం కావడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"మామా, ఇంట్లో అన్నీ అడుగంటినప్పుడు మా ఊళ్ళో ఏముంటే అది ఒకే కుండలో వేసి ఉడకేస్తాం. ఆకలికి రుచి తెల్దు. చెయ్యమంటావా?"

"చెయ్. ఇంకేం మిగిలింది చెడిపోవడానికి?"

చిక్కుడు గింజలు నాలుగుసార్లు కడిగి, ఆముదం జిడ్డు వదిలించి కుక్కర్లో వేసింది. తెల్లగడ్డ నలిపి నూనెలో వేయించింది. మిద్దెమీది ముద్ద కట్టిన టమాటా రెండు గరిటెలు వేసింది. చీజు తోలు పారేయడానికి మనసొప్పక, బాగా కడిగి, చారులో ములక్కాడ వేసినట్టు అందులో పడేసింది. గింజలు ఉడికాక ఐదు రకాల పాస్తా దోసిళ్ళతో పోసింది. కుండలో అన్నీ కలిసి చిక్కగా, ఎర్రగా, మర్యాదైన మనుషులకు చూపించరాని రూపంలో తయారయ్యాయి. రాబియా ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

ఆరింటికి రొసాల్బా కారు వచ్చింది. ముందు సీట్లోంచి మొదట దిగింది ఖాదర్. దారిలో చెయ్యెత్తి ఆపింది ఆమె కారునేనని, లిఫ్ట్ ఇచ్చిన పుణ్యానికి రెండు రోజుల కథంతా వచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాడని తర్వాత తెలిసింది. స్టెప్నీతో సహా. రొసాల్బాకు అరవై ఏళ్ళుంటాయి. ముఖం చూస్తే నవ్వు వచ్చిందో కోపం వచ్చిందో తెలియదు. ఆమెకు అందులో ఎంత అర్థమైందో అంతకంటే తెలియదు.

వడ్డన అయ్యాక గంగులమ్మ వంటింటి తలుపు వెనక నిలబడింది. చెంచా పళ్ళేనికి తగిలిన చప్పుడు ఒకసారి వినిపించింది. రెండోసారి వినపడలేదు. సాలెం దగ్గాడు. రాబియా ఏదో క్షమాపణ మొదలుపెట్టి ఆపేసింది. గంగులమ్మకు అమ్మణ్ణి చేతిలో పాలగిన్నె స్పష్టంగా కనిపించింది. స్వామీ, ఈ ఒక్కపూట గట్టెక్కించు, ఇంకెప్పుడూ ఏదీ ఎండబెట్టను అని మొక్కుకుని, అది జరిగే పని కాదని తెలిసి లెంపలు వేసుకుంది.

కుర్చీ కదిలింది. రొసాల్బా నేరుగా వంటింట్లోకి వచ్చింది. ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. పొలమారిందేమోనని గంగులమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించబోయింది. రొసాల్బా గ్లాసుతో పాటు ఆమెను కూడా కౌగిలించుకుని, గడగడా ఏదో చెప్పింది. వెనకే వచ్చిన సాలెం ఆ ఇంగ్లీషును ఒక్కో ముక్కా అరబ్బీలోకి మార్చి చెప్పాడు.

రొసాల్బాది నేపుల్స్ దగ్గర పల్లె. బీదకుటుంబం. వాళ్ళ అవ్వ పాస్తా కొట్టులో డబ్బాల అడుగున మిగిలిన విరిగిన ముక్కలు, అన్ని రకాలూ కలిపి చవగ్గా అమ్మితే కొనుక్కొచ్చేది. చిక్కుడు గింజలతో కలిపి, చీజు తోలు వేసి ఉడికించేది. ఎండాకాలం టమాటా ముద్ద చెక్కల మీద పరిచి మిద్దెమీద ఎండబెట్టేది. అవ్వ పోయి నలభై ఏళ్ళయింది. ఆ రుచి మళ్ళీ తగల్లేదు. ఏ హోటల్లోనూ పెట్టరు.

"పాతకాలపు ఇటలీ వంట అంటే ఇది. మీకెలా తెలిసింది?" అని అడిగింది రొసాల్బా. మిద్దె చూపించమంది. మెట్లెక్కి, టమాటా పళ్ళేల ముందు నిలబడి, ఒక వేలితో ముద్ద నాకి, మళ్ళీ ఏడ్చింది.

కిందికి దిగేసరికి తోట పంట మొత్తం అమ్ముడుపోయింది. సాలెం ఖాదర్‌కు కూడా షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. గంగులమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, గోడకున్న క్యాలెండర్ చూసుకుంది. ఆదివారం టికెట్టు, సోమవారం విమానం, మంగళవారం వేంపల్లె. ఆమె నాలుగేళ్ళలో అంత సంతోషంగా ఎన్నడూ అంట్లు తోమలేదు.

రొసాల్బా కారెక్కబోతూ ఇంకొక మాట చెప్పింది. వచ్చే గురువారం తన కంపెనీ పెద్దలు ఆరుగురు మస్కట్‌లో దిగుతున్నారట. నేరుగా ఇక్కడికే తీసుకొస్తుందట. ఇదే వంట పెట్టాలి, ఇదే మిద్దె చూపించాలి, ఈమే వండాలి.

కారు వెళ్ళిపోయాక రాబియా వంటింట్లోకి వచ్చింది. ఆమె ముఖంలో ఉన్న ప్రేమ చూసి గంగులమ్మ గుండె జారిపోయింది. తిట్టేటప్పుడు రాబియాతో ఏ ఇబ్బందీ లేదు.

"గంగులా..."

"వద్దు మామా. నా ఇజాజా."

"ఒక్క రెండు నెలలు. మీకు ముహూర్తం మళ్ళీ వస్తుందని నువ్వే చెప్పావు కదా. ఈ మనుషులు మళ్ళీ రారు."

"అది వంట కాదు మామా. పొరపాట్న అయినాది. గాలి చేసినాది, మేకలు చేసినాయి, ఖాదర్ చేసినాడు. అన్నీ కలిపి ఉడకేస్తే ఎవరు చేసినా అట్లే వస్తాది. నీకు నేర్పిస్తా. రేపే నేర్పిస్తా!"

"ఎంత అణకువ!" అంది రాబియా. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇది నీ ఇల్లే అని ఊరికే అన్నానా? నీ ఇల్లు వదిలి ఎక్కడికి పోతావు?"

గంగులమ్మ ఆ రెండు రోజుల్లో మూడోసారి ఏడ్చింది. ఆనందబాష్పాలనుకుని రాబియా ఆమె తల నిమిరింది.

గురువారం పొద్దున ఎనిమిది గంటలు. మిద్దెమీద కొత్త టమాటా పన్నెండు పళ్ళేలు పరిచి ఉన్నాయి. ఎక్కడా తేడా రాకూడదని, ఈసారి రాబియా దగ్గరుండి డబ్బాల పెట్టె మీద ఖాదర్ చేత స్టెప్నీ పెట్టించి, ఇబ్రా వీధుల్లో స్పీడుబ్రేకర్ల మీద రెండు చుట్లు తిప్పించింది. గంగులమ్మ ఉప్పు డబ్బాకు ఫోన్ ఆనించి, చేతులు టమాటాలో ఉండగానే తన గృహప్రవేశం చూస్తోంది. పత్రికలు పంచేసినాక ముహూర్తం మార్చలేనని జయరాముడు తేల్చి చెప్పాడు.

"ఇంటాండావా? కనపడతాండామా?" అని జయరాముడు కొత్త చొక్కాలో అరిచాడు.

కనపడుతున్నారు. గుమ్మానికి మామిడాకులు కనపడ్డాయి. కొత్త పొయ్యి కనపడింది. అమ్మణ్ణి పట్టుచీర కొంగు బిగించి నిలబడితే, పాలు పొంగి నాలుగు వైపులా లక్షణంగా పొర్లాయి. అందరూ చేతులు జోడించారు. గంగులమ్మ కూడా ఎర్రటి చేతులు జోడించింది. పోనీలే, పొంగడమైతే పొంగాయి కదా అనుకుంది.

తర్వాత జయరాముడు ఫోన్ తిప్పి వంటింటి అరలు చూపించాడు. ఒక్కో అర ఆమె చెప్పిన లోతులోనే ఉంది. కింది అర ముందు అమ్మణ్ణి కూర్చుని ఉంది. ఒళ్ళో కత్తెర, పక్కన కందిపప్పు ప్యాకెట్టు.

"అక్కా! ఎండబెట్టి డబ్బాలో పొయ్యి! అక్కా, ఇంటాండావా? ఒక్క పూట ఎండ చూపీ!"

రెండువేల పైచిలుకు కిలోమీటర్ల అవతల మేళం మోగుతోంది. అమ్మణ్ణి ఫోన్ వైపు చూసి ఆప్యాయంగా చెయ్యూపింది. ప్యాకెట్టు కోసి, పప్పు మొత్తం కొత్త డబ్బాలో పోసి, మూత పెట్టింది.